చెవే మా లిమిటర్

పోయిన జనవరిలో దుబాయిలో ఉన్న కొడుకు దగ్గరికి పోతే, మా తమ్ముడి కొడుకు ఒకరోజు నన్ను ఇసుకలోకి తీసుకుపోయాడు. వాడు అక్కడ డెజర్ట్ సఫారీ బండి నడుపుతాడు. హత్తా రోడ్డు మీద బదాయర్ దగ్గర ఎర్రటి ఇసుక దిబ్బలు ఉంటాయి. అందులో పెద్దదాని మొదట్లో బండి ఆపి, "పట్టుకో పెద్దబాపూ" అని రేస్ ఇచ్చాడు. ముప్పాతిక దిబ్బ ఎక్కాం. ఇంజిన్ గొంతు పెరిగి పెరిగి, ఎవరో పీక నొక్కినట్టు టట్టట్టట్టమని దగ్గింది. రెండు గజాలు పోలేదు, బండి కూలబడింది.

"ఏం కాలే. లిమిటర్ కొట్టింది, అంతే" అని నవ్వాడు వాడు.

నాకు నవ్వు రాలేదు. ఈ కాలం పిల్లలకు ఆ టట్టట్ట ఒక పండగ చప్పుడు. ఫోన్లలో వీడియోలు తీసి మరీ వినిపించుకుంటారు. మా రోజుల్లో ఇంజిన్ ఆ గొంతు దాకా పోయిందంటే ఆ రాత్రి డ్రైవరుకు ముద్ద దిగేది కాదు.

నేను 1987లో జగిత్యాల నుంచి బొంబాయి, బొంబాయి నుంచి అబుదాబి పోయాను. చమురు కోసం సర్వే చేసే కంపెనీలో డ్రైవర్ పని. లివా ఖర్జూర తోటలు దాటితే దక్షిణాన రుబ్ అల్ ఖాలీ. సౌదీ, ఎమిరేట్స్, ఒమన్, యెమన్ నాలుగు దేశాల్లో కలిపి దాదాపు ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్ల ఎడారి. భూమి పొరల్లోంచి తిరిగొచ్చే చప్పుడు పట్టే తీగలు పరిచే మనుషులు ముందు పోయేవాళ్లు. వాళ్లకు నీళ్లు, రొట్టెలు, డీజిల్ పీపాలు చేర్చడం మా వంతు. మొదట నాకిచ్చింది టయోటా 75 పికప్. నాలుగు లీటర్ల కార్బురేటర్ పెట్రోల్ ఇంజిన్. అందులో లిమిటర్ అన్న మాటే లేదు. మా పికప్‌లో ఆర్‌పీఎం మీటర్ కూడా లేదు.

కాలు అదిమి పెడితే ఆ ఇంజిన్ పోయినంత దూరం పోయేది. ఒక హద్దు దాటాక వాల్వులను మూసే స్ప్రింగులు ఆ వేగాన్ని అందుకోలేవు. వాల్వు ఇంకా మూసుకోకముందే పిస్టన్ పైకొచ్చి గుద్దుకుంటే వాల్వు వంగుతుంది. కనెక్టింగ్ రాడ్ తెగితే బ్లాకుకే బొక్క పడుతుంది. ఇప్పటి బండిలో కంప్యూటర్ ఆ హద్దు దగ్గర ఇంధనాన్ని గానీ స్పార్కును గానీ కోసేస్తుంది, వేగం దిగగానే మళ్లీ ఇస్తుంది. ఆ కోయడం, ఇవ్వడమే ఆ టట్టట్ట.

తర్వాత మాకు 4.2 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్ బండ్లు వచ్చాయి. వాటికి పంపులోనే గవర్నర్. ఇంజిన్ వేగంగా తిరిగేకొద్దీ దాని లోపలి బరువులు విచ్చుకుని డీజిల్‌ను తగ్గిస్తాయి. అది కోసేది కాదు, తగ్గించేది. "ఇగ చాలు బిడ్డా" అని పెద్దమనిషి భుజం మీద చెయ్యేసినట్టు ఉండేది.

ఆ చెయ్యి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా బావి మీద కిర్లోస్కర్ ఆయిలింజన్ ఉండేది. నీళ్లు లాగినంతసేపు ఒకే తాళం. బావి అడుగంటి పైపు గాలి మింగిందా, ఇంజిన్ మీద బరువు పోయి ఒక్కసారిగా ఎగిసేది, వెంటనే గవర్నర్ పట్టి దించేది. మా బాపు నాలుగు మళ్ల అవతల మక్కచేనులో ఉండి ఆ తేడా వినేవాడు. "నీళ్లు తెగినయ్, ఉరుకు!" అని నన్ను తరిమేవాడు. ఇసుకలో చక్రం జారడం కూడా అచ్చంగా ఇదే. చక్రానికి పట్టు పోతే ఇంజిన్‌కు బరువు పోతుంది, ఎగురుతుంది. బావి గట్టు మీద నేర్చిన చెవే అబుదాబిలో నాకు తిండి పెట్టింది.

తారు రోడ్డు మీద లిమిటర్ కొడితే పెద్ద నష్టమేమీ లేదు. బండి దొర్లుతూనే ఉంటుంది, నింపాదిగా గేరు మార్చుకోవచ్చు. ఇసుక అట్లా కాదు. మెత్తటి ఇసుకలో చక్రానికి తగిలే అడ్డు తారు రోడ్డు కంటే పది ఇరవై రెట్లు ఎక్కువ. దానికి ఎక్కుడు తోడైతే, అర సెకను శక్తి ఆగినా గంటకు పది కిలోమీటర్ల వేగం పోతుంది. నలభైలో ఎక్కుతున్న బండి రెండు సెకన్లలో నిలబడిపోతుంది. ఇంతలో కంప్యూటర్ శక్తి మళ్లీ ఇస్తుంది. అప్పటికి బండి కదలదు, చక్రాలు మాత్రం తిరిగి గోతులు తవ్వుతాయి. టర్బో బండికి ఇంకో కష్టం. శక్తి కోసినప్పుడు దాని ఊపు దిగిపోతుంది, మళ్లీ అందుకోవడానికి సమయం పడుతుంది. దిబ్బ మీద ఆ సమయం ఎక్కడిది?

నాకు ఇసుక నేర్పింది ఒక పెషావర్ పఠాన్. మేమంతా ఉస్తాద్ అనేవాళ్లం. మొదటి రోజే కిటికీలు దింపించాడు, క్యాసెట్ తీయించాడు. తర్వాత టైర్లలో గాలి పదిహేను పౌండ్లకు దింపించాడు. గాలి తగ్గితే టైరు పొడుగ్గా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. కొత్తవాడిని కదా, ఎక్కుడు కాబట్టి ఫోర్ వీల్ "లో" గేరులో ఫస్ట్ వేశాను. బరువు లాగుతుంది నిజమే, కానీ ఆ గేరులో బండి వేగం అందుకోకముందే ఇంజిన్ పని అయిపోతుంది. దిబ్బ నడుమకు రాకముందే గొంతు పైకి పోయి దిగబడ్డాను. "సెకండ్‌తో మొదలుపెట్టు, పరుగు అందుకోగానే థర్డ్" అన్నాడు. ఎప్పుడు మార్చాలి అంటే తన చెవి చూపించాడు. ఇంజిన్‌లో ఇంకా ఒక మెట్టు మిగిలి ఉండగానే మార్చాలట. పై మెట్టు దాకా పోయి మారిస్తే, క్లచ్ తొక్కిన ఆ క్షణంలోనే ఇసుక బండిని పట్టేసుకుంటుంది. ఆ ఒక్క మెట్టు వినడానికి నాకు రెండు నెలలు పట్టింది.

తెల్లవారుజామున మంచు పడి ఇసుక గట్టిగా ఉంటుంది, అప్పుడు ఇంజిన్ గొంతు ఒక రకం. పదకొండు దాటి ఎండకు ఆరి విడిపోయాక అదే దిబ్బ మీద గొంతు ఇంకో రకం. గాలి కొట్టే వైపు వాలు తక్కువ, గట్టిదనం ఎక్కువ. అవతలి వైపు ఇసుక జారి జారి ముప్పై మూడు, ముప్పై నాలుగు డిగ్రీల దగ్గర నిలబడి ఉంటుంది, అడుగు పెడితే మళ్లీ జారుతుంది. ఇవన్నీ మీటర్ మీద రావు.

దిగేటప్పుడు ఈ లిమిటర్ అక్కరకు రాదని ఎంతమందికి తెలుసో. మా క్యాంపులో ఒక కుర్రవాడు అవతలి వాలులో థర్డ్‌లో దిగుతూ, వేగం ఎక్కువైందని భయపడి ఫస్ట్‌లోకి లాగేశాడు. అక్కడ ఇంజిన్ చక్రాలను తిప్పడం లేదు, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతున్నాయి. ఇంధనం ఆపినా ఏం లాభం? రాడ్ తెగి నూనె ఇసుక మీద పారింది. కంపెనీ వాడి మూడు నెలల జీతం కోసుకుంది. ఇప్పటి బండ్లలో ఎంత ఖరీదైన లిమిటర్ పెట్టినా, చేత్తో వేసే గేరు బండిలో ఆ తప్పు జరిగితే ఇదే గతి.

నేను లిమిటర్ వద్దనడం లేదు. దిబ్బ కొన మీద చక్రాలు గాలిలోకి లేచినప్పుడు ఇంజిన్ క్షణంలో ఎగురుతుంది, అప్పుడు ఏ చెవీ అంత తొందరగా పని చేయదు. అక్కడ దాని సాయం గొప్పదే. అది ఆ రోజుల్లో ఉంటే ఎన్ని ఇంజిన్లు, ఎన్ని జీతాలు మిగిలేవో. నా బాధ వేరు. అది కాపాడేది ఇంజిన్‌ను, డ్రైవర్‌ను కాదు. పిల్లలకు మాత్రం దాన్ని గురువును చేసి ఇచ్చారు. కొట్టే దాకా తొక్కు, కొట్టాక చూసుకుందాం అని. గోడ తగిలాక ఆగడం నడక నేర్వడమా?

మావాడిని రివర్సులో నిటారుగా దింపమన్నాను. వాలు మీద బండి తిప్పబోతే దొర్లుతుంది, ఆ సంగతి వాడికి తెలుసు, సంతోషం. కింద టైర్లు చూస్తే ఇరవై పౌండ్ల పైనే ఉన్నాయి. గాలి దింపించాను. ట్రాక్షన్ కంట్రోల్ ఆపే ఉందా అని అడిగాను, ఉంది. ఏసీ, పాట ఆపించాను. ఆటోమేటిక్‌ను దాని ఇష్టానికి వదిలేస్తే సరిగ్గా లాగవలసిన చోట పై గేరుకు పోతుంది, అందుకని మాన్యువల్‌లోనే ఉంచమన్నాను. "మీటర్ చూడకు. నేను భుజం తడితే గేరు మార్చు" అన్నాను.

దూరం నుంచి పరుగు అందుకున్నాం. గొంతు ఎక్కుతోంది, ఇంకా ఒక మెట్టు ఉంది, తట్టాను. మార్చాడు. బండి ఊపిరి తెగలేదు. కొన దగ్గర కాలు తేలిక చేయమన్నాను, అవతల ఏముందో చూసి మెల్లగా వాలాం. టట్టట్ట వినపడలేదు.

"మీటర్‌ల ఇంకా మస్తు జాగ ఉండె గద పెద్దబాపూ, గప్పుడే ఎందుకు తట్టినవ్?" అన్నాడు.

"ఆ జాగ ఇసుకది" అన్నాను.

రెండో దిబ్బకు నా చెయ్యి ఒళ్లోనే పెట్టుకున్నాను. కాస్త ఆలస్యంగా మార్చాడు, అయినా లిమిటర్ దాకా పోనివ్వలేదు. మూడో దిబ్బ ముందు బండి ఆపి, నేను చెప్పకుండానే కిటికీ దింపుకున్నాడు.