ధర చెప్పు, రుచి చెబుతా!

వైన్ పండితుల నాలుక మామూలు నాలుక కాదు. గ్లాసు గిర్రున తిప్పి, ముక్కు లోపలికంటా దూర్చి, కళ్లు మూసుకుని 'నేరేడు, పొగాకు, తడిమట్టి' అంటూ దండకం అందుకుంటారు. లేబుల్ కనిపిస్తున్నంతసేపూ ఢోకా లేదు!

ఫ్రాన్స్‌లో వైన్‌కు పుట్టినిల్లులాంటి బోర్డోలో ఫ్రెడెరిక్ బ్రోషే అనే పరిశోధకుడు వైట్ వైన్‌లో ఎర్ర రంగు కలిపి 54 మంది విద్యార్థులకు ఇచ్చాడు. 2001లో అచ్చయిన ముచ్చట ఇది. చదువుతున్నదే వైన్ శాస్త్రమాయె, రెడ్ వైన్‌కు వాడే విశేషణాలన్నీ దానికి తగిలించేశారు.

కాలిఫోర్నియాలో కాల్‌టెక్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. మనుషుల్ని ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టి, గొట్టంతో నోట్లోకి రెడ్ వైన్ వదిలారు. 5 డాలర్ల సరుకునే ఒకసారి అయిదుకి, మరోసారి 45కి వచ్చిందన్నారు. ధర పెరగగానే రుచీ పెరిగింది. నోటిమాటేనా, మెదడులో సుఖాన్ని లెక్కగట్టే భాగం కూడా వంతపాడింది! తర్వాత ధర చెప్పకుండా పోస్తే, ఆ తేడా కాస్తా హుళక్కి.

పండితులూ, ఈసారి చవక రెడ్ వైన్‌ను గుడ్డిగా గుర్తుపట్టమంటే మొహమాటపడకండి. ముందు బిల్లు వాసన చూపించమనండి.