ఐదు నిమిషాల కొప్పు, ఆరో నిమిషంలో ‘అమ్మా!’

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు, ఫోన్ల నిండా కొప్పులే. ‘ఇంట్లోనే, ఎవరి సాయమూ లేకుండా, ఐదే ఐదు నిమిషాల్లో అల్లిక కొప్పు’ అంటూ ఓ అమ్మాయి జుట్టును మూడు పాయలు చేస్తుంది. ‘ఇలా తిప్పి, ఇలా దోపి...’ అనేలోగా వీడియోలో ఓ కట్. మరుక్షణం తల వెనక బత్తాయంత ముడి. ‘అంతే!’ అంటుంది. ఆ ‘ఇలా’కీ ఈ ‘అంతే’కీ మధ్య ఏం జరిగిందో చూసినవాళ్లు లేరు. కట్‌కు ముందు చిటికెన వేలంత ఉన్న జడ ఆ తర్వాత మణికట్టంత లావెక్కుతుంది. మనిషి జుట్టు పెరిగేది నెలకు ఓ సెంటీమీటరు, అటూ ఇటూగా. ఐదు నిమిషాల్లో ఊడిపడిన ఆ ఒత్తుదనాన్ని అమ్మమ్మలైతే చూడగానే సవరమని తేల్చేస్తారు.

సవరం పెట్టుకోవడం నేరమేమీ కాదు. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను టీటీడీ పొడవును బట్టి రకాలుగా విడదీసి ఈ-వేలంలో అమ్ముతుంది. అదేం చాటుమాటు వ్యాపారం కాదు. ఎవరిదో జుట్టు తలకెక్కించుకుని, ‘అంతా మందారాకు మహిమ’ అని చెప్పడం దగ్గరే పేచీ.

నమ్మి ప్రయత్నించిన ఇల్లాలి పాట్లు చూడాలి. రెండు చేతులూ తల వెనక. మొదటి పాయ కుడిచేతిలో, రెండోది ఎడమచేతిలో, మూడోది చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య. నాలుగు అల్లికలయ్యేసరికి భుజాలు లాగేస్తాయి. వెనక ఏమవుతోందో తెలియాలంటే చేత్తో ఇంకో అద్దం పట్టుకోవాలట! ఆ అద్దం పట్టే మూడో చెయ్యి ఎక్కణ్నుంచి వస్తుందో వీడియోలో చెప్పరు. పళ్లతో పట్టుకున్న పిన్నొకటి తీసి దోపబోతే అది కాస్తా జారిపోతుంది. వంకర్లున్న కాలు తల వైపుండాలి, అప్పుడే జుట్టును పట్టుకుంటుంది. ఆ చిన్న సంగతి చెప్పడానికీ ఐదు నిమిషాల్లో తీరిక దొరకలేదు. ఇక ఆరో నిమిషంలో వంటింటి వైపు కేక: ‘అమ్మా, ఒక్కసారి ఇలా రావే!’

అసలు అల్లిక కొప్పు ఏ కాలంలోనూ ఒంటిచేతి పని కాదు. రోమన్ మహారాణుల తలల మీద మెలికలు తిరిగిన జడల గోపురాలు పాలరాతి విగ్రహాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. అవి విగ్గులే అయ్యుంటాయని చాలామంది పండితులు తీర్మానించారు, బహుశా ఒక్క జడా అల్లి ఎరగనివాళ్లు. బాల్టిమోర్‌లో జుట్టు ముస్తాబు చేసే జానెట్ స్టీఫెన్స్ 2001లో అక్కడి మ్యూజియంలో మహారాణి జూలియా డోమ్నా విగ్రహం చూసి, అలాంటి కొప్పు తానూ కట్టబోయింది. పిన్నులతో నిలవలేదు. చివరికి తేలిందేమిటంటే, ఆ జడల్ని సూదీ దారంతో కుట్టేవారని! 2008లో దాన్ని రోమన్ పురావస్తు పత్రికలో వ్యాసంగా రాసింది. మహారాణి వెనక నిలబడి కుట్టింది మాత్రం సేవకురాలు. ఒక్క ఉంగరాల పాయ చెదిరితే అలాంటి సేవకురాళ్లకు కొరడా దెబ్బలు పడేవని రోమన్ కవి జువెనల్ అప్పట్లోనే ఎద్దేవా చేశాడు.

రోమ్ దాకా ఎందుకు, మన పూలజడా సూదీ దారం వ్యవహారమే. మల్లెమొగ్గలు ఈనెపుల్లలకు గుచ్చి, వరసలు పేర్చి, జడకు పెట్టి కుడుతుంటే పిల్ల పీట మీద కదలకుండా కూర్చోవాలి. కదిలితే నెత్తిన మొట్టికాయ. ఆ తర్వాత ఫొటో స్టూడియోలో వెనక అద్దం పెట్టి, ముఖమూ జడా ఒకే ఫొటోలో పడేలా తీయించేవారు. అమ్మమ్మ, అత్తయ్య, పక్కింటి పిన్ని కలిసి పూటంతా కష్టపడ్డారని ఇంటిల్లిపాదికీ తెలుసు. జడ గురించి గొప్పలు పోవడంలో సత్యభామను మించినవారు లేరు. కూచిపూడి భామాకలాపంలో తెర మీదుగా జడ వేసి సవాలు విసిరిన ఆవిడ కూడా ‘నేనే అల్లుకున్నా, ఐదు నిమిషాల్లో’ అనలేదు.

వీడియోల్లో ఇంకో బోధ: ‘బిగించి అల్లండి, జుట్టు పెరుగుతుంది.’ బయటికి కనిపించే వెంట్రుకలో ప్రాణమే లేదు, దాన్నెంత లాగితే ఏం పెరుగుతుంది? రోజూ బిగిస్తే కుదుళ్లు దెబ్బతిని, నుదుటి అంచున జుట్టు వెనక్కి పోతుంది. బిగుతు జుట్టుముళ్ల వల్ల గ్రీన్‌లాండ్ వాసులకు ఈ బట్టతల వస్తోందని ట్రెబిచ్ అనే ఆస్ట్రియా వైద్యుడు 1907లోనే రాశాడు. నూరేళ్లు దాటినా ఆ కబురు ఈ వీడియోలకు చేరినట్టు లేదు. నుదురు విశాలమయ్యాక దాన్ని కప్పే కొప్పుకూ వీడియో ఉంటుందనుకోండి, అదీ ఐదు నిమిషాలదే.

ఇంతకీ విప్పడం మాటేమిటి? వెనక్కి దువ్వి పొంగించి, పైన స్ప్రే కొట్టిన జుట్టు రాత్రికల్లా కొబ్బరిపీచులా బిగుసుకుపోతుంది. పిన్నులు ఎన్ని దోపారో లెక్క ఉండదు. కొన్ని చేతికి తగిలినప్పుడు, మిగతావి దిండు మీద తల వాల్చి ‘అబ్బా’ అన్నప్పుడు బయటపడతాయి. నూనె రాసి, పెద్ద పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీసుకుంటూ పోవాలి. ఆ పనికి ఐదు నిమిషాల వీడియో చేయడానికి మాత్రం ఎవరూ ముందుకు రావడం లేదు.