మొనాడో: బిల్డు పర్వం

మొనాడో అనేది లినక్సు మీద వర్చువల్ రియాలిటీ కళ్ళజోళ్ళను నడిపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. క్రోనోస్ గ్రూప్ 2019 జులైలో విడుదల చేసిన ఓపెన్‌ఎక్స్‌ఆర్ ప్రమాణాన్ని ఇది అమలు చేస్తుంది. కళ్ళజోడు ఎవరిదైనా, ఆట ఎవరిదైనా, మధ్యవర్తిగా నిలబడి ఇద్దరికీ సంధి కుదర్చడం దీని పని. వాడుకునేవాళ్ళకు ఇంత తెలిస్తే చాలు. సోర్సు తెచ్చుకుని, సొంతంగా బిల్డు చేసి, ఒక చిన్న బగ్గు దిద్ది పుణ్యం కట్టుకుందామని ఆదివారం పొద్దున కూచున్నవాడికి మాత్రం ఇంకొకటి తెలియాలి: అది ఏ ఆదివారానికి తెములుతుందన్నది.

గిట్‌తో సోర్సు దింపుకోవడం మొదటి మెట్టు. అందులో ఎవరూ జారిపడరు. రెండోది సీమేక్, బిల్డుకు ఏర్పాట్లు చేసే పనిముట్టు. ఇది క్లాసు టీచరులా హాజరు పిలుస్తుంది: కంపైలరు ఉందా, పైథాన్ ఉందా, వల్కన్ ఉందా, ఐగెన్ ఉందా? చిక్కల్లా, ఎదురుగా నిలబడి చెయ్యెత్తినదాన్ని కూడా 'కనబడలేదు' అని రాసుకోవడంలో ఉంది. లిబ్‌యుఎస్‌బి అనే లైబ్రరీ యంత్రంలో అప్పటికే ఉండవచ్చు. అయినా కనబడలేదంటుంది. అబద్ధం కాదు. ప్రోగ్రాము నడవడానికి కావలసిన లైబ్రరీ వేరు, దాన్ని ఆనుకుని కొత్త ప్రోగ్రాము కట్టడానికి కావలసిన హెడర్ ఫైళ్ళు వేరు. ఇంట్లో అన్నం ఉంది కదా అంటే, నేనడిగింది బియ్యం అంటుంది సీమేక్.

ఆ బియ్యం మూట పేరు లినక్సు రకాన్ని బట్టి మారుతుంది. ఉబుంటులో లిబ్‌యుఎస్‌బి-1.0-0-డెవ్. ఫెడోరాలో లిబ్‌యుఎస్‌బి1-డెవెల్. ఆర్చ్‌లో ఉత్త లిబ్‌యుఎస్‌బి. ఈ బాధ తెలుగువాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. గుంటూరు గోంగూర వరంగల్లు సంతలో పుంటికూర. వేరుశనగ హైదరాబాదులో పల్లీ, కర్నూలు వైపు బుడ్డలు, చిత్తూరు వైపు చెనిక్కాయ. బెజవాడ సొరకాయ గోదావరి జిల్లాల్లో ఆనపకాయ. ఇంతవరకూ సర్దుకోవచ్చు. గోదావరి మనిషి చిత్తూరు సంతకు వెళ్ళి ఆ పేరు అడిగితే అసలు ముప్పు. అక్కడ అనపకాయ అంటే చిక్కుడు జాతి కాయ. గింజలు ఒలిచి, నానబెట్టి, పైతొక్క పిసికి తీసేసి పులుసు పెడతారు. సొరకాయ పులుసు కోసం వెళ్ళినవాడు ఆ రోజంతా గింజలు పిసుకుతూ కూచుంటాడు. ఉబుంటులోనూ ఇంతే. మధ్యలో అంకెలు గుర్తులేక లిబ్‌యుఎస్‌బి-డెవ్ అని అడిగితే లేదనరు, ఇస్తారు. కాకపోతే అది పాత 0.1 కాలం నాటి సరుకు, మొనాడోకు పనికిరాదు. సంతలో అవ్వయితే 'ఏం కాయ నాయనా, కూరకా, గింజలకా?' అని అడిగి మరీ తూస్తుంది. ప్యాకేజీ మేనేజరు నోరు మెదపదు.

నిజానికి, లేదని మొహం మీద చెప్పేవి నయం. మొనాడోలో చాలా డ్రైవర్లు ఐచ్ఛికం. వాటికి కావలసినది దొరక్కపోతే సీమేక్ గొడవ పెట్టదు, ఆ డ్రైవరు పక్కన 'ఆఫ్' అని గీసి ముందుకు పోతుంది. బిల్డు నూటికి నూరు శాతం పూర్తవుతుంది, ఒక్క ఎర్ర అక్షరం ఉండదు. కొన్న కళ్ళజోడు డ్రైవరు మాత్రం అందులో ఉండదు. పెళ్ళి ఘనంగా జరిగి పెళ్ళికొడుకు రాకపోవడం లాంటిది ఇది.

డ్రైవరు ఉన్నా పని అయిపోదు. యుఎస్‌బి పరికరాన్ని మామూలు వాడుకరి తాకాలంటే యుడెవ్ నియమాలు ఒప్పుకోవాలి. ఎక్స్‌ఆర్-హార్డ్‌వేర్ అనే ప్యాకేజీ పెట్టుకుని, వైరు పీకి మళ్ళీ గుచ్చాలి. ఇది చెయ్యకపోతే మొనాడో తప్పు చూపించడం మానేసి, మర్యాదకు ఒక ఉత్తుత్తి కళ్ళజోడును సృష్టించి నడిపిస్తుంది. అప్పుడు తెర మీద దృశ్యం దానంతటదే అటూ ఇటూ ఊగుతుంది. అవునన్నదో కాదన్నదో తేలని ఊపు. దాన్ని చూసి, పనిచేస్తోందని ఇంట్లోవాళ్ళను పిలిచినవారి సంగతి ఇక్కడ అప్రస్తుతం.

మొనాడో లాంటి రన్‌టైమ్‌లలో ఏది వాడాలో ఆటకు చెప్పే పర్యావరణ చరరాశి ఒకటుంది, ఎక్స్‌ఆర్_రన్‌టైమ్_జేసన్. కొత్త టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ మళ్ళీ చెప్పుకోవాలి. అంతకుమించి దాని గురించి రాయడానికి ఓపిక చాలదు.

డ్రైవర్ల జాబితాలో విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ పేరు కూడా ఉంది. ఆ రకం కళ్ళజోళ్ళు 2017లో బజారుకొచ్చాయి. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 విడతతో ఆ వ్యవస్థనే తీసేశారు. అద్దం పగల్లేదు, వైరు తెగలేదు. డబ్బు పెట్టి కొన్న వస్తువు ఒక అప్‌డేట్‌తో గుడ్డిదైంది. లినక్సులో వాటికి ఇంకా కొంత చూపు ఉందంటే, వైరులో పారే బైట్లను రోజుల తరబడి చూసి, అర్థం ఊహించి డ్రైవరు రాసినవాళ్ళ వల్లే. మొనాడో బిల్డు సూచనల్లో ఎక్కడైనా ఒక ప్యాకేజీ పేరు జారిపోతే అదీ వాళ్ళ చేతి నుంచే. వాళ్ళ యంత్రాల్లో అది ఎప్పటినుంచో ఉంది, ఇంట్లో ఉన్నవాళ్ళకు ఇంటికి దారి చెప్పడం రాదు. మధ్యాహ్నం తిట్టిన తిట్లలో సగమైనా సాయంత్రానికి వెనక్కి తీసుకోవలసి వస్తుంది.

అన్నీ కుదిరాక నడిపి చూడవలసిన నమూనా ప్రోగ్రాము హలో_ఎక్స్‌ఆర్. కళ్ళజోడు పెట్టుకుంటే చుట్టూ రంగురంగుల ఘనాలు గాల్లో నిలబడి కనిపిస్తాయి, ఇంకేమీ ఉండవు. 1968లో ఐవాన్ సదర్లండ్ పైకప్పు నుంచి వేలాడదీసిన తొలి యంత్రంలో తల దూర్చినవాళ్ళకు కనబడినదీ గీతలతో గీసిన ఘనమే.