ఎన్నాళ్లు చదువుతావు నాయనా!

అమెరికాలో ఎంఎస్ చేస్తున్న అబ్బాయిని తెలుగు చుట్టాలు ఏ పెళ్లిలో కనబడినా అడిగే మాట ఒకటుంది: "ఇంకా ఎన్నాళ్లురా ఈ చదువు?" 2025 ఆగస్టులో అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ కూడా అదే అడిగింది. సంబంధం చూడటానికి కాదు లెండి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్లు ఒక దఫాకు నాలుగేళ్లకు మించి ఉండకూడదని, ఆపైన ఉండాలంటే విడిగా అర్జీ పెట్టుకుని వేలిముద్రలు వేయాలని ప్రతిపాదించింది. ఏళ్లకేళ్లు చదువుతూనే ఉండేవాళ్లకు 'ఫరెవర్ స్టూడెంట్స్' అని బిరుదు కూడా ప్రసాదించింది.

నలభై ఏళ్లకు పైగా ఎఫ్-1 విద్యార్థికి అమెరికాలో అడుగుపెట్టగానే ఇచ్చే ఐ-94 పత్రంలో తిరుగు తేదీ ఉండటం లేదు. ఆ గడిలో 'డీ/ఎస్' అని రెండక్షరాలుంటాయి. చదువు సాగినన్నాళ్లు ఉండొచ్చన్నమాట. పాస్‌పోర్టులో వీసా గడువు దాటినా, కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం సరిగ్గా ఉండి కాలేజీలో పేరుంటే దిగుల్లేదు. చదువయ్యాక పెట్టే బేడా సర్దుకోవడానికి 60 రోజులిస్తారు. ప్రతిపాదన ప్రకారం అది 30కి దిగుతుంది.

ఇంతకీ ఆ శాశ్వత విద్యార్థులు ఎందరు? 2000-2010 మధ్య వచ్చి 2025లోనూ ఎఫ్-1 మీదే ఉన్నవాళ్లు 2,100 మందికి పైగా ఉన్నారని శాఖే లెక్క చెప్పింది. 2024-25లో అక్కడున్న భారతీయ విద్యార్థులే 3.63 లక్షలు.

పీహెచ్‌డీకి ఐదారేళ్లు పట్టడం అక్కడ మామూలే. ఎలుక మీద చేసిన ప్రయోగం ఐదో ఏట ఫలితమిస్తే ఎలుకకు ఇబ్బందేమీ లేదు, పరిశోధకుడికే గడువు తీరిపోయి ఉంటుంది.

మనవాళ్ల కథ వేరు. రెండేళ్ల ఎంఎస్, చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ ఏడాది, సైన్సు, ఇంజినీరింగ్ లాంటి స్టెమ్ చదువైతే మరో రెండేళ్లు. ఈలోగా ఏటా 85,000 హెచ్-1బీ ఉద్యోగ వీసాలకు లాటరీ. మూడుసార్లూ పేరు రాకపోతే? సెకండ్ మాస్టర్స్! చేరిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోనిచ్చే 'డే వన్ సీపీటీ' కాలేజీలు ఉండనే ఉన్నాయి. కుర్రాడు నేర్చుకునేది సగం, కాలేజీకి కట్టే ఫీజు మాత్రం నిండుగా. ఈ విషయంలో శాఖవారి అనుమానం పూర్తిగా తప్పని ఎవరూ అనలేరు. ఒక స్థాయి డిగ్రీ పూర్తయ్యాక మళ్లీ అదే స్థాయి చదువు కుదరదని కూడా ప్రతిపాదించారు. అంటే సెకండ్ మాస్టర్స్‌కు మంగళమే. వీసాల కోసం మొక్కే చిలుకూరు బాలాజీ దగ్గర లెక్క స్పష్టం: మొక్కుకోవడానికి 11 ప్రదక్షిణలు, తీరాక 108. గడువు పొడిగింపుకు ఎన్నో ఇంకా ఖరారు కాలేదు.

ఉత్తుత్తి చదువు ఎలా ఉంటుందో శాఖవారికి ఒకరు చెప్పాలా? వల పన్నడానికి వాళ్లే ఓ యూనివర్సిటీ నడిపారు కదా! మిషిగన్‌లో 'యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్'. వెబ్‌సైటు ఉంది, ఫీజు ఉంది, ముద్ర మీద లాటిన్‌లో 'జ్ఞానం, శ్రమ' అన్న నినాదమూ ఉంది. లేనివల్లా క్లాసులు, పంతుళ్లే. సుమారు 600 మంది చేరారు. దాదాపు అందరూ భారతీయులే, వాళ్లలో తెలుగువాళ్లకేమీ కొదవలేదు. 2019 జనవరిలో గుట్టు బయటపెట్టి, చాలామంది విద్యార్థులను అరెస్టు చేశారు, వాళ్లను చేర్పించిన ఎనిమిది మంది మీద కేసు పెట్టారు. చదువు చెప్పకుండా పుచ్చుకున్న ఫీజు మాత్రం తిరిగివ్వలేదు. అది అడుగుతూ వేసిన దావా సాగవచ్చని 2024లో ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పాల్సి వచ్చింది.

కాబట్టి ఈ ఏడాది పిల్లల్ని పంపే తల్లిదండ్రులు కన్సల్టెన్సీలో కుర్చీ లాక్కుని కూర్చుని ముందు ఒక్కటే అడగండి: ఆ కాలేజీలో వారానికి ఎన్ని రోజులు క్లాసులు? "అదంతా మేం చూసుకుంటాం అంకుల్" అన్నారంటే, డబ్బు కట్టకుండా లేచి వచ్చేయండి.