ఒక బ్యాడ్జి ఆత్మకథ

2015వ సంవత్సరము అక్టోబరు మాసమున, అమెరికాలోని హ్యూస్టన్ నగరమందు, జార్జి ఆర్. బ్రౌన్ సమావేశ మందిరపు రిజిస్ట్రేషను బల్ల యొద్ద నేను జన్మించితిని. ఖమ్మము నుండి ఎం.ఎస్. చదువుటకై వచ్చిన యొక యువతి నన్ను మెడలో ధరించెను. పాస్‌పోర్టులోని వరుస ననుసరించి, యంత్రము ఆమె ఇంటిపేరును పెద్ద అక్షరములతోను, అసలు పేరును అడుగున చిన్న అక్షరములతోను నా ముఖమున అచ్చొత్తుటచేత, ఎదురైన ప్రతివారును ఆమెను ఇంటిపేరుతోనే పిలుచుచుండిరి. మన తెలుగు విద్యార్థులలో అనేకులకు ఆ దేశమున ఈ యవస్థ తప్పదు. మధ్యాహ్నమునకు ఆమె నల్లని స్కెచ్ పెన్ను తీసి, నాపై తన పేరును తానే పెద్దదిగా వ్రాసికొనెను.

నేను పుట్టినది కంప్యూటరు శాస్త్రజ్ఞురాలు గ్రేస్ హాపర్ పేర జరుగు మహిళా సాంకేతిక సభ కొరకు. దానిని అనితా బోర్గ్, టెలీ విట్నీ అను కంప్యూటరు శాస్త్రజ్ఞురాండ్రు 1994లో వాషింగ్టనున ఆరంభించినపుడు వచ్చినవారు సుమారు 500 మంది. నేను పుట్టిన యేట సుమారు 12,000 మంది. తరగతిలో ప్రశ్న అడుగుటకే జంకెడు నా యజమానురాలు, మెట్ల మీదను నడవలలోను కనుచూపు మేర తన విద్యనే అభ్యసించిన స్త్రీలుండుట చూచి, చాలసేపు కదలక నిలిచిపోయెను. ఉపన్యాసములన్నిటికంటె ఆ దృశ్యమే ఆమెకు ఎక్కువ మేలు చేసినదని నా దృఢాభిప్రాయము.

విరామ సమయమున, జుట్టు నెరసిన ఆచార్యురాలొకరు ఆమె ప్రక్కన కూర్చుండి, సుమారు 30 సెంటీమీటర్ల తీగముక్క నొకదానిని చేతిలో నుంచి, సెకనులో నూరుకోట్లవ భాగమైన నానోసెకనులో విద్యుత్సంకేతము పోగల గరిష్ఠ దూరమిదియే యనియు, 1952లో తొలి కంపైలరులలో నొకదానిని నిర్మించిన హాపర్ ఇట్టి ముక్కలను ఉపన్యాసములలో పంచిపెట్టెడిదనియు, ఉపగ్రహము ద్వారా సందేశమేల ఆలస్యమగునని యడిగిన నౌకాదళాధిపతులకు, నడుమ నెన్ని తీగలు పట్టునో యూహింపుడని చెప్పెడిదనియు వివరించెను. నా యజమానురాలు ఆ తీగను నా త్రాటికి చుట్టికొనెను.

కెరీర్ ఫెయిరులో ఒక సంస్థవారు నన్ను స్కాను చేసి, ఆమె ముఖమైన చూడక రెజ్యూమెను ప్రక్కన పెట్టిరి. ఆమె వెనుదిరుగలేదు; తరువాతి బల్ల యొద్ద తన ప్రాజెక్టును గూర్చి తడబడక చెప్పెను. ఆ కంఠస్వరమును నేనంతకు ముందు వినియుండలేదు.

ఇట్టి సభల ఖర్చు విద్యార్థినులకు భారమగునని యెరిగియే నిర్వాహకులు స్కాలర్‌షిప్పుల నేర్పరచిరి. 2010లో బెంగుళూరున మన దేశమందును హాపర్ సభ ఆరంభమైనది. కావున అధ్యాపకులారా, మీ విద్యార్థినులచేత ఇట్టి స్కాలర్‌షిప్పులకు దరఖాస్తు చేయింపుడు. సిఫారసు లేఖ నడుగవచ్చిన బాలికను రేపు రమ్మని త్రిప్పి పంపకుడు.