మా రోజుల్లో కార్యదర్శి పేరు తెలిసేది

ఇప్పటి గణితం ఎమ్మెస్సీ పిల్లలను ఫీల్డ్స్ పతకం ఎవరెవరికి వచ్చిందో అడగండి, గడగడా అప్పజెప్పేస్తారు. ఆ పతకం ఇచ్చే సంస్థ ఏది, దాన్ని నడిపేదెవరు, వాళ్లను ఎన్నుకునేదెవరు, అందులో మన దేశానికి ఓటుందా లేదా అని అడగండి. ఒక్కరూ నోరు మెదపరు. పిల్లలను అనుకుని ఏం లాభం? పాఠం చెప్పేవాళ్లకే తెలియదు. మా రోజుల్లో ఇలా ఉండేది కాదు.

1971లో నేను ఎమ్మెస్సీ చదువుతుండగా కొమరవోలు చంద్రశేఖరన్ గారు ఆ పతకం ఇచ్చే ఇంటర్నేషనల్ మేథమెటికల్ యూనియన్‌కు అధ్యక్షుడయ్యారు. మా లెక్చరర్ గారు ఆ రోజు పాఠం పక్కన పెట్టి గంటసేపు ఆయన గురించే చెప్పారు. 1920లో మచిలీపట్నంలో పుట్టిన మనిషి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివాడు, ప్రిన్స్‌టన్‌లో పనిచేశాడు, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో గణిత విభాగాన్ని కట్టి నిలబెట్టాడు అని. అధ్యక్ష పదవి కంటే ముందు 1961 నుంచి 1966 దాకా ఆయన ఆ యూనియన్‌కు కార్యదర్శి. మా లెక్చరర్ గారు నొక్కి చెప్పింది ఈ రెండో సంగతే. అధ్యక్షుడిది పేరు, కార్యదర్శిది చాకిరీ అనేవారు. అప్పట్లో యూనియన్‌కు సొంత ఇల్లూ వాకిలీ లేవు. కార్యదర్శి ఎక్కడ పనిచేస్తే ఆఫీసు అక్కడే. అంటే 1965లో ఆయన జ్యూరిక్ వెళ్లిపోయేదాకా ప్రపంచ గణిత యూనియన్ ఉత్తర ప్రత్యుత్తరాలకు ఒక కొస బొంబాయిలో ఉండేది. ఈ సంగతి తెలిసిన తెలుగు కుర్రాడు ఇప్పుడు నాకు ఒక్కడూ తగలడం లేదు.

తర్వాత కూడా చాన్నాళ్లు అలాగే సాగింది. ఓలి లెహ్తో కార్యదర్శిగా ఉన్నప్పుడు ఆఫీసు హెల్సింకీలో, జాకబ్ పాలిస్ కాలంలో రియోలో, ఫిలిప్ గ్రిఫిత్స్ కాలంలో ప్రిన్స్‌టన్‌లో. నాలుగేళ్లకో ఎనిమిదేళ్లకో కాగితాలన్నీ మూటగట్టుకుని దేశాలు దాటేవి. 2011 నుంచి బెర్లిన్‌లో వైయర్‌స్ట్రాస్ ఇన్‌స్టిట్యూట్‌లో శాశ్వత కార్యాలయం ఉంది. దస్త్రాలు భద్రంగా ఉన్నాయి, అది మంచిదే, నేను కాదనను. కానీ జీతగాళ్లున్న ఆఫీసు వచ్చేసరికి పనంతా ఆఫీసే చేసేస్తుందనుకోవడం మొదలైంది. నియమావళి చదివేవాడు లేడు, మినిట్స్ అడిగేవాడు లేడు.

అందుకే నాలుగు ముక్కలు నేనే చెబుతాను. ఈ యూనియన్‌లో మనుషులు సభ్యులు కారు, దేశాలు సభ్యులు. మీరెంత గొప్ప గణితవేత్త అయినా చందా కట్టి చేరిపోవడం కుదరదు. ఒక్కో దేశం తరఫున అకాడమీయో, గణిత సొసైటీయో సభ్యత్వం పుచ్చుకుంటుంది. దేశాలను ఐదు వర్గాలు చేశారు. మొదటి వర్గానికి 1 ఓటు, ఐదో వర్గానికి 5 ఓట్లు. చందా మాత్రం ఆ లెక్కన పెరగదు. వరసగా 1, 2, 4, 7, 10 వంతులు. అంటే పది రెట్లు చందా కట్టే పెద్ద దేశానికి దక్కేది ఐదు ఓట్లే. డబ్బు బరువు ఓటు మీద పూర్తిగా పడకుండా కట్టిన గట్టు ఇది. ఈ లెక్క మొదటిసారి విన్నప్పుడు నాకు ఏదో మంచి సిద్ధాంతానికి నిరూపణ చూసినంత ఆనందమైంది. ఇప్పటికీ అదే ఆనందం.

నాలుగేళ్లకోసారి, అంతర్జాతీయ గణితవేత్తల మహాసభలకు ముందు, ఈ దేశాల ప్రతినిధులు సర్వసభ్య సమావేశంలో కూర్చుంటారు. అధ్యక్షుణ్ణి, ఇద్దరు ఉపాధ్యక్షులను, ప్రధాన కార్యదర్శిని, మరో ఆరుగురు సభ్యులను ఎన్నుకుంటారు. కొత్త కార్యవర్గం మరుసటి జనవరి 1న పగ్గాలు అందుకుంటుంది. పాత అధ్యక్షుడు సలహాకు ఉంటాడు, ఓటుండదు. మా రోజుల్లో దిగిపోయే కార్యవర్గమే రాబోయేవారి జాబితా తయారుచేసి ముందు పెట్టేది, సభ సరేననేది. పెద్దమనుషుల వ్యవహారం. ఇప్పుడు దానికి వేరే నామినేషన్ల కమిటీ ఉంది. అందులో కొందరిని దేశాలు పంపిన పేర్లలోంచి చీట్లు తీసి మరీ వేస్తారు. సభ్యుల స్థానాలకు ఉన్న ఖాళీల కంటే ఎక్కువ పేర్లు పోటీలో ఉంటాయి. ఈ విషయంలో ఇప్పటి పద్ధతే మేలు, ఒప్పుకుంటాను. నా బాధ మరొకటి. తలుపు మూసి ఉన్నప్పుడు లోపల ఏం జరుగుతోందోనని చెవులు రిక్కించి విన్నాం. తలుపు బార్లా తెరిచాక తొంగి చూసే దిక్కు లేదు. నేను వెళ్లిన ఏ గణిత సదస్సులోనూ మన దేశం నుంచి ఎవరి పేరు పంపుదామన్న చర్చ ఒక్కసారీ వినలేదు.

ఇదంతా ఎందుకు తెలియాలి అంటారా? ఒక చెడ్డ నియమం ఒక యూనియన్‌ను మింగేసింది కాబట్టి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత 1920లో స్ట్రాస్‌బర్గ్‌లో ఈ యూనియన్ పుట్టినప్పుడు జర్మనీ, దాని పక్షాన పోరాడిన దేశాల గణితవేత్తలకు గుమ్మం బయటే చోటు. స్ట్రాస్‌బర్గ్ సభలకు రానివ్వలేదు, 1924 టొరంటో సభలకూ రానివ్వలేదు. రామానుజన్ పుణ్యమా అని మనకు బాగా తెలిసిన హార్డీ ఈ వెలి కూడదని గట్టిగా నిలబడ్డాడు. 1928లో బొలోన్యా సభలకు ఇటలీ గణితవేత్త పింకెర్లే పట్టుబట్టి అందరినీ పిలిచాడు, జర్మనీ నుంచి హిల్బర్ట్ తనవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పటికే యూనియన్ లోపల పగుళ్లు. 1932 నాటికి అది మూతపడింది. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు మహాసభలు జరిగినప్పుడు జరిగాయి గానీ, యూనియన్ లేదు.

1950లో న్యూయార్క్‌లో నియమావళి మళ్లీ రాసుకున్నారు. ఈసారి ఏ దేశాన్నీ రాజకీయ కారణంతో వెలివేయకూడదన్నదే పునాది. పది దేశాలు చేరడంతో 1951 సెప్టెంబర్‌లో అధికారికంగా ప్రాణం పోసుకుంది, 1952లో రోమ్‌లో తొలి సర్వసభ్య సమావేశం పెట్టుకుంది. 1957లో సోవియట్ యూనియన్ చేరింది. అక్కడి నుంచి కార్యదర్శుల అసలు కష్టాలు మొదలు. పిలిచిన వక్తల్లో చాలామందిని సోవియట్ ప్రభుత్వం పంపేది కాదు. 1970లో నీస్‌లో సోవియట్ గణితవేత్త నోవికోవ్ తన ఫీల్డ్స్ పతకం అందుకోవడానికి రాలేకపోయాడు. 1978లో హెల్సింకీకి అదే పతకం వచ్చిన మార్గులిస్‌ను రానివ్వలేదు. 1982లో వార్సాలో సభలు జరగాలి, పోలండ్‌లో సైనిక చట్టం పెట్టారు. రద్దు చేద్దామని కొందరు, జరిపి తీరాలని కొందరు. చివరికి సర్వసభ్య సమావేశాన్ని ఆ ఏడే జరిపి, మహాసభలను ఒక ఏడాది వాయిదా వేశారు. చైనా తరఫున ఎవరుండాలన్న బీజింగ్, తైపే తగవు తీరడానికి ఇంకా ఏళ్లు పట్టింది. 1986లో చైనా పేరుతోనే ఐదు ఓట్లిచ్చి, మూడు బీజింగ్ సొసైటీకి, రెండు తైపే సొసైటీకి పంచి సర్దారు. దౌత్యవేత్తలకు కొరుకుడుపడని చిక్కును గణితవేత్తలు కూర్చుని విప్పారు! మా తరం టీ కొట్ల దగ్గర ఇవి మాట్లాడుకుంది. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద పడ్డ రెండు రోజులకే సెయింట్ పీటర్స్‌బర్గ్ సభలను అక్కడ జరపబోమని కార్యవర్గం ప్రకటించింది, ఉపన్యాసాలు ఆన్‌లైన్‌కు, సర్వసభ్య సమావేశం హెల్సింకీకి మారాయి. అంత పెద్ద నిర్ణయం అంత వేగంగా ఎలా తీసుకోగలిగారో ఆరా తీసిన కుర్ర లెక్చరర్ నాకు కనబడలేదు. పాత దెబ్బలన్నీ తెలిస్తే ఆ వేగం విలువ తెలిసేది.

2010 సంగతి తలుచుకుంటే మరీ బాధ. ఆ ఆగస్టులో మహాసభలు మన హైదరాబాద్‌లోనే జరిగాయి. నిర్వహణ సంఘానికి పెద్ద అనంతపురంలో పుట్టిన ఎం.ఎస్. రఘునాథన్ గారు. రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ పతకాలు ఇచ్చారు. విశ్వనాథన్ ఆనంద్ నలభై మందితో ఒకేసారి చదరంగం ఆడాడు. పత్రికలు పతకాలూ చదరంగమూ రాశాయి, సంతోషం. ఆ మహాసభలకు ముందు బెంగళూరులో సర్వసభ్య సమావేశం జరిగింది. బెర్లిన్ కార్యాలయం తీర్మానం అక్కడిదే, ఇంగ్రిడ్ డొబెషీని తొలి మహిళా అధ్యక్షురాలిగా ఎన్నుకున్నదీ అక్కడే. నేను చదివిన తెలుగు పత్రికల్లో దాని మీద ఒక్క వాక్యం లేదు. మన గడ్డ మీద జరిగిన ఎన్నిక అది.

ఇప్పటివాళ్ల ధ్యాసంతా పేపర్ల లెక్క మీద, సైటేషన్ల లెక్క మీద. ఆ లెక్కల్ని నెత్తిన పెట్టుకోవద్దని 2008లో ఈ యూనియనే మరో రెండు సంస్థలతో కలిసి ఒక నివేదిక వేసింది. గణాంకాలు తెలిసినవాళ్లే కూర్చుని, ఆ అంకెలతో మనిషి పనిని తూచడం ఎక్కడెక్కడ తప్పో విడమరిచి రాశారు. దాన్ని ప్రతి సెలెక్షన్ కమిటీ బల్ల మీదా పెట్టాల్సింది. యూనియన్ ఏం చేస్తుందో తెలియనివాళ్లకు ఆ నివేదిక ఉందని మాత్రం ఎలా తెలుస్తుంది?

సంఘం నడిపేవాడికి ఆ గంటల్లో సిద్ధాంతాలు పుట్టవు. చంద్రశేఖరన్ గారు సంఖ్యా సిద్ధాంతంలో పుస్తకాలు రాస్తూనే ఆ చాకిరీ నెత్తికెత్తుకున్నారు. అప్పుడు దాన్ని గౌరవించాం. ఇప్పుడు కమిటీ అంటే టైం దండగ అంటున్నారు, నాకు మండేది అక్కడే.

నాలుగేళ్లకోసారి మన ప్రతినిధులు ఆ సమావేశానికి వెళ్తారు. ఎవరెవరు వెళ్లారో, ఏయే తీర్మానాలు వచ్చాయో, వాటి మీద మన దేశం ఏం మాట్లాడిందో తిరిగొచ్చిన నెలలోపు రాసి అచ్చు వేయాలి. రెండు పేజీలు చాలు. అది తెలుగులోనూ రావాలి, డిగ్రీ కాలేజీలకు కూడా చేరాలి.