చేను మీది కరెంటు తీగను

పదకొండు వేల వోల్టుల లైనులో ఒక తీగను నేను. గోదావరి డెల్టాలో వరిచేల మీదుగా స్తంభం నుంచి స్తంభానికి సాగి ఉంటాను. నడుమ ఒక ఉక్కు పోగు, చుట్టూ పేనిన ఆరు అల్యూమినియం పోగులు, అదే నా ఒళ్లు. పైన తొడుగేమీ లేదు. స్తంభం దగ్గర పింగాణీ ఇన్సులేటరు నన్ను మోస్తుంది. మిగతా దారంతా నాకూ నేలకూ మధ్య ఉన్న గాలే మనుషులకు రక్ష.

నన్ను లాగిన రోజుల్లో కోతంటే కొడవలే. నెత్తిన మోపుతో నడిచినా ఎవరికీ అందేదాన్ని కాదు. తర్వాత కోత మిషన్లు వచ్చాయి. వాటి వెనకే ట్రాక్టర్లు, ఇంటి ఎత్తున గడ్డి లోడ్లూ వచ్చాయి. నేను మాత్రం ఉన్నచోటే ఉన్నాను.

2010 నాటి కేంద్ర విద్యుత్ భద్రతా నియమాలు నాలాంటి తొడుగులేని తీగ రోడ్డు దాటేచోట 6.1 మీటర్ల ఎత్తున ఉండాలన్నాయి. చేల మీద 4.6 మీటర్లు ఉంటే చాలన్నాయి. అంటే పదిహేను అడుగులు. పెద్ద కోత మిషను పైభాగమే మూడు మీటర్లు దాటుతుంది. తొట్టి నిండే వేళకు ధాన్యం సర్దడానికి దాని మీద ఓ కుర్రాడు ఎక్కి నిలబడతాడు. అతని ఎత్తు కూడా కలిపి చూడండి, ఇంకేం మిగిలింది? పైగా నన్ను తాకనక్కర్లేదు, మరీ దగ్గరికొస్తే చాలు.

ఆ పదిహేను అడుగులైనా ఏడాది పొడవునా ఉండవు. ఎండకీ, నాలో పారే కరెంటుకీ వేడెక్కి సాగుతాను. స్తంభానికీ స్తంభానికీ మధ్య పెరిగే పొడవు కొద్ది సెంటీమీటర్లే. నడుమ కిందికి జారేది మాత్రం దానికి ఎన్నో రెట్లు. తడి నేలలో స్తంభం కాస్త ఒరిగినా, రైతు మట్టి తోలించి మడి మెరక చేసినా ఆ ఎత్తు ఇంకా తరుగుతుంది. నేను బాగా కిందికి దిగేది ఏప్రిల్ ఎండల్లో, సరిగ్గా దాళ్వా (రెండో పంట) కోతల వేళకు!

ఓ దాళ్వాలో గడ్డి లోడు ట్రాక్టరు నా కిందుగా వెళ్తూ తగిలింది. క్షణంలో మంట లేచింది. డ్రైవరు దూకేశాడు, బతికాడు. గడ్డి, ట్రక్కు బూడిదయ్యాయి. తీగలు వేలాడుతున్నాయని ఆ చేని రైతు అంతకు ముందు ఏడాదే చెప్పాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

మరో ఏడు కోత మిషను నా నీడలోకి వస్తోంది. తొట్టి మీద కుర్రాడు నిలబడి ఉన్నాడు, చూపంతా గింజల మీదే. వెనక పరిగె ఏరుకుంటున్న ముసలామె తలెత్తి చూసింది. "ఒరేయ్ అబ్బాయా, దిగరా! నెత్తి మీద కరెంటు తీగరా!" అని అరిచింది. ఇంజను హోరులో ఎవరికీ వినపడలేదు. ఒళ్లోని వెన్నులన్నీ జారవిడిచి, మడికి అడ్డం పడి పరుగెత్తి, మిషను ముందుకెళ్లి పమిట చెంగు ఊపింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. కుర్రాడి తలకూ నాకూ మధ్య మూరెడే మిగిలింది. ఆ మూరెడూ ఆమె పెట్టిన భిక్షే.

ఆ వేసవిలోనే మధ్యలో ఇంకో స్తంభం వేసి నన్ను బిగించారు. ఇప్పుడు అక్కడ నడుము నిలబెట్టుకుని ఉన్నాను. పక్క చేలల్లో నా తోటి తీగలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

నా మీద పిట్టలు వాలతాయి కదా అని నన్ను నమ్మకండి. వాటి కాళ్లు రెండూ నా మీదే ఉంటాయి, నేలను తాకవు. నా ఎత్తు చూడాలని కర్ర, గడ పైకెత్తకండి. మిషను నాకు తగిలితే లోపలివాళ్లు కదలకుండా లోపలే ఉండాలి, బయటివాళ్లు దగ్గరికి రాకూడదు. నిప్పంటుకుంటే మాత్రం మిషనును, నేలను ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ కలిపి దూకాలి. లైను పోయింది కదా అనుకోవద్దు, సబ్‌స్టేషన్‌లో మళ్లీ వేయవచ్చు.

కోతకు మిషను మాట్లాడుకున్న రోజే 1912కు ఫోను చేయండి, లైన్‌మన్‌కూ చెప్పండి. తీగ కింద కోయాల్సి వస్తే ఆయన ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని, కరెంటు ఆపామని చెప్పాకే మిషనును మడిలోకి దించండి.